కరుణ టీచర్ గారి మోటారు కుర్చీ

2005లో తాడేపల్లిగూడెంలో నాకు మోటారు వైండింగ్ షాపు ఉండేది. కాలిపోయిన మోటారులోంచి పాత రాగితీగ తీసేసి కొత్తది చుట్టడం మా పని. పొలాల బోరు మోటార్లు, రైసు మిల్లుల మోటార్లు, కొల్లేటి వైపు చేపల చెరువుల్లో నీళ్లకు గాలి కలిపే ఏరేటర్లు వచ్చేవి. ఏది ఆగినా నష్టం పంటకో, చేపకో. మోటారు ఆగిపోతే మనిషే ఆగిపోవడం నేను మొదటిసారి చూసింది ఆ ఏడాదే.

వానలు మొదలైన రోజుల్లో ఏసోబు అనే అతను షాపుకి వచ్చాడు. పెంటపాడు మండలంలో ఒక పల్లె వాళ్లది. చేపల చెరువు మీద కాపలా పని చేసేవాడు.

"ఏవండీ, కుర్చీ మోటారు చూస్తారాండీ?"

క్షవరం కుర్చీ అనుకున్నాను.

"కాదండీ. మా అక్క కూర్చుని నడుపుకునే కుర్చీ. దారి మధ్యలో ఆగిపోయింది. ఇక్కడికి తెద్దామంటే ఇద్దరు మనుషుల బరువుందండీ. మీరే ఒకసారి రావాలి."

సంచీ తీసుకుని వెళ్లాను. వరండాలో మంచం మీద, గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు కరుణ టీచర్ గారు. ఊళ్లోని మిషన్ హైస్కూల్లో లెక్కలు చెప్పేవారు. అప్పటికి ఆరేళ్ల క్రితం కొల్లేటి గట్టు మీద ఆటో తిరగబడి మెడ దగ్గర వెన్నుపూస దెబ్బతింది. నడుం కింద స్పర్శ లేదు. ఎడమచెయ్యి పూర్తిగా లేవదు, కుడిచెయ్యి మాత్రం మణికట్టు దాకా ఆడుతుంది. మామూలు చక్రాల కుర్చీని తోసుకునే బలం చేతుల్లో లేదు. పాత విద్యార్థులు, చర్చివాళ్లు కలిసి హైదరాబాదు కంపెనీ నుంచి ఈ మోటారు కుర్చీ తెప్పించారు. అది వచ్చాకే ఆవిడ మళ్లీ బడికి వెళ్లగలిగారు.

కుర్చీ అడుగున రెండు బ్యాటరీలు, వెనక చక్రాలకు చెరొక మోటారు. చేతి దగ్గర జాయ్‌స్టిక్, అంటే వేలెడంత పుల్ల. దాన్ని ఎటు వంచితే కుర్చీ అటు పోతుంది. పుల్ల చెప్పినదాన్ని మోటార్లకు అందించే మూసిన పెట్టె పేరు కంట్రోలర్. ఆ రోజు తేడా మోటారులోనే ఉంది. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. అవి మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే చిన్న నల్లముక్కలు. మా షాపులో ఉన్నవాటిని అరగదీసి సరిపెట్టాను.

ఏసోబు ఆవిణ్ణి ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆవిడ గుమ్మం దాకా వెళ్లి, తిరిగి వచ్చి, నా ముందు ఆపారు.

"వీర్రాజు గారూ, తోసేవాళ్లుంటే వాళ్లు ఆగినచోట నేను ఆగాలండీ. ఇది నాకు కావలసినచోట ఆగుతుంది," అన్నారు.

ఎంతో తేలిగ్గా నవ్వారు. నాక్కూడా గర్వంగానే అనిపించింది. "ఏం వచ్చినా కబురు పెట్టండి టీచర్ గారూ, రెండు రోజుల్లో తిరిగేలా చేస్తాను," అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

దసరా సెలవులు అయ్యాక కుర్చీ మళ్లీ ఆగింది. ఈసారి జాయ్‌స్టిక్ పక్కన ఎర్రదీపం ఆగి ఆగి వెలుగుతోంది. ఎన్నిసార్లు వెలిగితే ఏ జబ్బో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం కొన్నవాళ్లకి ఇవ్వరు. బ్యాటరీలు, మోటార్లు, తీగలు అన్నీ చూశాను, బాగానే ఉన్నాయి. మిగిలింది కంట్రోలర్. దాని మూత మీద కంపెనీ సీలు కాగితం అంటించి ఉంది. గ్యారంటీ ఇంకా నాలుగు నెలలు ఉంది కాబట్టి ముట్టుకోకుండా హైదరాబాదుకి ఫోను చేశాను.

"మీ ఏరియాకి ఇంజనీరు లేరండి. కుర్చీ ఇక్కడికి పంపించండి," అంది అవతలి అమ్మాయి.

"కుర్చీ పంపేస్తే మనిషి ఎందులో కూర్చోవాలండీ?"

"బదులు కుర్చీ ఇవ్వడం మా పాలసీలో లేదు సార్."

మళ్లీ చేస్తే ఇంకో గొంతు. మొదటి నుంచి చెప్పుకుంటూ రావాలి. పేరు, ఊరు, కుర్చీ వెనక అంకెలు. "మీ కంప్లైంట్ నమోదైంది సార్" అనేవాళ్లు. మరుసటి వారం అడిగితే అలాంటి కంప్లైంట్ లేదనేవాళ్లు. ఏసోబు ఏలూరు వెళ్లి వికలాంగుల ఆఫీసులో అర్జీ ఇచ్చాడు. అక్కడి గుమాస్తా చదివి, "మోటారు కుర్చీలు మా లిస్టులో లేవయ్యా. చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండి కావాలంటే రాసుకో," అన్నాడట. తిప్పడానికి చెయ్యి ఉంటే ఈ గొడవంతా ఎందుకని ఏసోబు అడిగాడట. లిస్టు తను రాసింది కాదన్నాడట ఆయన.

నెల గడిచింది. పదో తరగతి లెక్కలు సగంలో ఉన్నాయి. టీచర్ గారు మంచం మీద నుంచే కొందరు పిల్లలకు చెప్పేవారు. హెడ్మాస్టరు రెండుసార్లు వచ్చి, ఎప్పటికి బాగవుతుందో అడిగి వెళ్లారు. నేను వెళ్లినప్పుడల్లా ఆవిడ చూపు నా సంచీ మీదే ఉండేది.

ఒకరోజు అన్నారు: "ఆ పెట్టె తెరిస్తే మీరు బాగుచేయగలరాండీ?"

"చూడకుండా చెప్పలేనండీ. సీలు పోతే కంపెనీవాళ్లు పేచీ పెడతారేమో."

"నాకు బడి పోతోందండీ."

సీలు కోసి మూత తెరిచాను. లోపల ఒక కనెక్టరు, అంటే తీగలు కలిసే చోటు, చెమ్మకి పచ్చగా చిలుమెక్కింది. మా వైపు గాలే తడి. స్పిరిటుతో కడిగి, ఆరబెట్టి, బిగించాను. దీపం నిలకడగా వెలిగింది. ఆ మధ్యాహ్నమే ఆవిడ బడికి వెళ్లారు.

పదకొండు రోజులు తిరిగింది. పన్నెండో రోజు దీపం కూడా వెలగలేదు. మళ్లీ తెరిచి చూస్తే నేను కడిగిన చోటు బాగానే ఉంది, పక్కన బోర్డు మీద ఒక చిప్పు మాడిపోయింది. ఆ చిప్పు తాడేపల్లిగూడెంలోనే కాదు, విజయవాడలో అడిగినా దొరకలేదు. నేను తెరవకపోతే మాడేది కాదా అంటే, ఈరోజుకీ నాకు తెలియదు.

అంతకాలం రాని కంపెనీ ఇంజనీరు సరిగ్గా ఆ వారంలోనే హైదరాబాదు నుంచి వచ్చాడు. తెల్లచొక్కా మనిషి, మర్యాదగానే మాట్లాడాడు. మూత చూడగానే, "సీలు ఎవరు తీశారండీ?" అన్నాడు.

నేను ఎదురుగానే నిలబడి ఉన్నాను. నోరు తెరవాలి. సొంత షాపు ఉన్నవాణ్ణి, పది ఊళ్లలో పేరున్నవాణ్ణి. కంపెనీవాడు కాగితం మీద నా పేరు రాసి తప్పంతా నాదేనంటే ఏమవుతుందోనని ఒక్క క్షణం ఆగాను.

"నేనే తీయించానండీ," అన్నారు టీచర్ గారు. నావైపు చూడలేదు.

అతను ఎవరిచేత అని అడగలేదు. అనుమతి లేని వ్యక్తి తెరిచారు, గ్యారంటీ వర్తించదు అని రాసి, ఆవిడ చేత సంతకం పెట్టించుకున్నాడు. పెన్ను వేళ్ల మధ్య నిలవడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. పరీక్షకని కంట్రోలర్ విప్పి తీసుకుపోయాడు.

ఇక మిగిలింది ఎవరైనా కుర్చీ తోసి ఆవిణ్ణి బడికి తీసుకెళ్లడమే. మోటారు కుర్చీని చేత్తో తోయాలంటే చక్రాల దగ్గర మీట తిప్పి మోటార్లను విడదీయాలి. అప్పుడు చక్రాలు వదులవుతాయి, కానీ బ్రేకు కూడా పోతుంది. ఈ సంగతి ఏసోబుకి చెప్పాను. బడి దారిలో కాలువ వంతెన వాలు దగ్గర కుర్చీని వెనక్కి తిప్పి దింపమన్నాను. అతను అలాగే చేసేవాడు. జనవరిలో ఒక పొద్దున చెరువు పని ఉండి అతను రాలేక, బడి అటెండరు ఒక్కడే తోశాడు. కాలువ వంతెన దిగేచోట పట్టు తప్పింది. కుర్చీ వాలు మీద పోయి గట్టుకు కొట్టుకుంది. టీచర్ గారు పక్కకు పడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆడేది ఆ ఒక్క చెయ్యే.

కట్టు కట్టించుకుని వచ్చిన మరునాడు స్కూలు కరస్పాండెంటు గారు యాపిల్‌పళ్లు పట్టుకుని ఇంటికి వచ్చారు. "మీ మంచికే చెబుతున్నానమ్మా. మీకేమైనా అయితే బడికి మాటొస్తుంది. విశ్రాంతి తీసుకోండి," అన్నారు. ఆవిడ ఉద్యోగం పర్మనెంటు కాదు. మరుసటి నెలలో పదో తరగతికి వేరే లెక్కల మాస్టారు వచ్చారు.

నేను ఫోన్లు చేస్తూనే ఉన్నాను. పెట్టె పరీక్షలో ఉందన్నారు, చెన్నై వెళ్లిందన్నారు, కొత్తది విదేశం నుంచి రావాలన్నారు. గ్యారంటీ లేదన్నారు కాబట్టి దాని ఖరీదు పాత విద్యార్థులే మళ్లీ చందాలేసి కట్టారు. ఒకసారి పార్సిలు వచ్చింది. విప్పితే వేరే మోడలుది, దాని పిన్ను మన తీగలకు ఎక్కదు. తిప్పి పంపాను. మళ్లీ బళ్లు తెరిచాక, జూన్‌లో అసలుది వచ్చింది. వెళ్లి బిగించాను. నాలుగు స్క్రూలు, రెండు కనెక్టర్లు. ఇరవై నిమిషాల పని. దాని కోసం ఎనిమిది నెలలు.

మణికట్టు అతుక్కుంది గానీ మునుపటిలా వంగదు. ఆవిడ జాయ్‌స్టిక్‌ను అరచేత్తో నెట్టారు. కుర్చీ గుమ్మం దాటి, ముంగిలి దాటి, రోడ్డు మొదట్లో ఆగింది. ఆగిపోయిందేమోనని పరుగెత్తాను. దీపం బాగానే వెలుగుతోంది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదండీ. బాగా నడుస్తోంది." రోడ్డుకేసి చూశారు. "ఎటు వెళ్లమంటారు, వీర్రాజు గారూ?"

ఆరోజు కూడా నేను క్షమించమని అడగలేదు. ఆ తర్వాత ఎప్పుడో అడిగితే, "సీలు కోయమన్నది నేనే కదండీ," అన్నారు. అది నిజమే. నేను నోరు మూసుకోవడం కూడా నిజమే.

ఈ కేసు నేర్పిన మొదటి సంగతి, ఆలస్యంగా చేసిన రిపేరును రిపేరు అనకూడదని. మనిషి ఎదురుచూసిన పని పోయాక యంత్రం తిరిగినా తిరగకపోయినా ఒకటే. చెయ్యగలనో లేదో తెలియనప్పుడు రెండు రోజులని చెప్పడం మానేశాను. తెలియదు అని చెబుతాను. మనిషి కూర్చునే యంత్రం వస్తే, రైతులు ఎంత గోలపెట్టినా బోరు మోటార్లు పక్కన పెడతాను. రెండోది నా గురించి. అప్పటి నుంచి ఎవరి సీలు విప్పినా మూత లోపలివైపు నా పేరు, షాపు పేరు, తేదీ చెరగని పెన్నుతో రాస్తున్నాను. తర్వాత ఎవరు తెరిచినా అడగనక్కర్లేకుండా ఉంటుందని. కొందరు కంపెనీవాళ్లు దాన్ని చూపించి నన్ను తిట్టారు కూడా. తిట్టించుకున్నాను. పక్కనున్నవాళ్ల చేత నా బదులు సంతకం మాత్రం ఇంకెప్పుడూ పెట్టించలేదు.