బొగ్గు తీసేసిన కారు

నేను కారు కొన్నది ఊరందరికీ చూపించుకోవాలని కాదు. సరే, కొంచెం అందుకు కూడా. కానీ అసలు సంగతి మా అమ్మ. మా ఊరు గుడియాత్తం నుంచి నాట్రంపల్లికి, తన చెల్లెలి ఇంటికి, ఆమె వెళ్లి ఏళ్లయింది. బస్సు పొగ ముక్కుకు తగిలితే చాలు, కళ్లు తిరిగి కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. ఇన్నాళ్లూ చిన్నమ్మే వచ్చి చూసిపోయేది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆమె బస్సు మెట్టు ఎక్కలేకపోయింది. అక్కచెల్లెళ్లిద్దరూ ఫోన్లోనే ముఖాలు చూసుకుని, ఫోన్లోనే ఏడ్చి, ఎవరు ముందు పెట్టేయాలో తేలక చెరొక పక్కా అలాగే కూర్చునేవాళ్లు. అది చూడలేకే నేను కారు కొన్నాను.

నేను వేలూరులో టైల్స్ అంగడిలో పనిచేస్తాను. నలభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, ఒక పాత తెల్లకారు కొని, దాన్ని గుడియాత్తం దాకా నేనే నడుపుకుంటూ వెళ్లిన రోజు నా కాళ్లు భూమ్మీద నిలవలేదు. లత్తేరి దగ్గర రైలు గేటు పడితే, పక్కన ఆగిన లారీ డ్రైవరుకు కూడా ఇది నా కారని చెప్పాను. ఆయన అడగలేదు.

మా నాయన మగ్గం మీద లుంగీలు నేస్తాడు. ఆయన దృష్టిలో కొసరు లేని బేరం బేరమే కాదు. వంకాయలు కొంటే ఒక వంకాయ కొసరు. రాగులు కొంటే కొలిచే పడిని కుదిపించి, అదిమించి, పైన గోపురం నిలబెట్టిస్తాడు. నేను వచ్చిన ప్రతి ఆదివారమూ కారుకు పెట్రోలు పోయించే పని ఆయనే మీద వేసుకున్నాడు. అమ్మను ఎక్కించుకుని నాట్రంపల్లికి బయలుదేరిన రోజు కూడా బంకులో ముందు ఆయనే దిగాడు. ట్యాంకు నిండి పంపు టక్కున ఆగింది.

“అది నిలిస్తే నిండినట్టా? నువ్వు పొయ్యప్పా. కొంజం కొసురు ఊత్తు!” అని సగం అరవంలో అంటూ కారు వెనక్కి వెళ్లి, రెండు చేతులతో పట్టుకుని, పడిని కుదిపినట్టు కుదిపాడు. లోపల అమ్మా నేనూ ఊగిపోతూ నవ్వాం. బంకు మనిషి కూడా నవ్వి మళ్లీ పోశాడు. మూతి దాకా పెట్రోలు కంటికి కనిపించాకే నాయన వచ్చి కూర్చున్నాడు. ఆ కొసరుకు కూడా మనమే డబ్బు కడుతున్నామని ఆయనకు ఎవరమూ చెప్పలేదు.

కారు కదిలింది, దగ్గింది, ఆగిపోయింది. తాళం ఎంత తిప్పినా మూలిగి ఊరుకుంది. కాసేపటికి లేచిందిగానీ లోపలంతా పెట్రోలు వాసన. ఊరు దాటకముందే అమ్మ కొంగు ముక్కుకు చుట్టుకుంది. ఆపమని, తలుపు తెరుచుకుని దిగింది. “దీనికన్నా బస్సే మేలు. నాకొద్దు తల్లీ ఈ బండి” అని ఇంటివైపు నడవడం మొదలుపెట్టింది. నేను కారును ఆమె వెనకే మెల్లగా పోనిస్తూ, కిటికీలోంచి బతిమాలుతూ వెళ్లాను. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఆ సాయంత్రం ఫోన్లో చిన్నమ్మ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు కారును వేలూరులో మా మేనమామ కొడుకు మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను. ఆయన నాకు బావ. నన్ను చూస్తే చాలు, ఆయనకు నోరు ఊరుకోదు.

“ఏమ్మే, నడపను చేతగాక నా మీద పడితివా?”

“నడపడం నాకొచ్చు బావా. బాగుచేయడం నీకొస్తాదో లేదో చూద్దామని వస్తి.”

బావ బానెట్ ఎత్తి, గొట్టాలు ఊడదీసి, ఒక బోల్టు విప్పి, నల్లటి ప్లాస్టిక్ పెట్టె ఒకటి బయటికి తీశాడు. ఊపితే లోపల బుడబుడమంది. అది క్యానిస్టరనీ, లోపల ఉండేది బొగ్గనీ చెప్పాడు. ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. కాదట. మా ఎండలకు ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూనే ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోతే గాలీ పాడు, పెట్రోలూ దండుగ. అందుకని ఒక గొట్టం దాన్ని ఈ పెట్టెలోకి తెస్తుంది. బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది. బండి నడిచేటప్పుడు చిన్న వాల్వు ఒకటి తెరుచుకుంటే, ఇంజను ఆ బొగ్గు గుండా బయటి గాలిని పీల్చి, ఆవిరిని కూడా లాక్కుని కాల్చేస్తుంది. నా కారులో నాకు తెలియకుండా ఇంత సంసారం జరుగుతోందని తెలిసి భలే సంబరపడ్డాను.

“ఆవిరి పట్టాల్సిన బొగ్గు పెట్రోల్లో మునిగి ఉండాది. ఎట్లా పోయిస్తా ఉండారు మీరు?” అన్నాడు బావ.

నాయన కుదుపుడు గురించి చెప్పాను. బావ టైరు మీద కూలబడి, కళ్లనీళ్లు తుడుచుకుంటూ నవ్వాడు.

“పంపు తనే నిలిచినాక పైన మిగిలే చోటు ఆవిరికి మే! మామ ఆ చోట్లో కూడా పోయిస్తే అది గొట్టం పట్టుకుని ఈడికి వస్తాది.”

కొత్త పెట్టె రావడానికి చాలా దినాలు పడుతుందన్నాడు. అసలు అది లేకపోయినా ఏమీ కాదు, శానామంది తీసేసి తిరుగుతా ఉండారని ధైర్యం చెప్పాడు. వచ్చే ఆదివారం అమ్మను ఎక్కించుకోవాలన్న తొందరలో నేను తలూపాను. ఇంజను వైపు గొట్టానికి మూత పెట్టి, ట్యాంకు వైపుది కిందికి వేలాడేసి, పో అన్నాడు.

ఆదివారం కారు దగ్గకుండా గుడియాత్తం చేరింది. ఉబ్బి తబ్బిబ్బవుతూ ఇంటి ముందు ఆపాను. ఎండకు వాసన గుప్పుమని లేచింది. ఎదురింట్లో మగ్గం చప్పుడు ఆగింది. “ఎవరప్పా పెట్రోలు పారబోసింది?” అంటూ వీధిలోకి మనుషులొచ్చారు. అమ్మ చెల్లెలికని కోడికూర వండి, గిన్నె మీద ఎండుమిరపకాయా బొగ్గుముక్కా పెట్టి, గడపలో నిలబడి ఉంది. మా ఇళ్లలో మాంసం వాసనకు దయ్యాలు వెంటపడతాయని, బొగ్గు పెట్టనిదే గిన్నె బయటికి కదలదు. ఆమెకు ధైర్యం చెబుదామని, కారులో బొగ్గుపెట్టె ఒకటి ఉండేదని, దాన్ని తీసేయించానని చెప్పాను.

“బొగ్గు తీసేసినారా!” అమ్మ గిన్నె కింద పెట్టేసింది. “నీ తెలివి తెల్లారినట్టే ఉండాది! గిన్నెడు కూరనే బొగ్గు లేకుండా పంపనే నేను. మనుషులెక్కే బండిలో తీసేస్తారా ఎవురన్నా? ఆ కంపు చూడు, పట్టకూడనిది పట్టినట్టే ఉండాది.”

“ఆ బొగ్గు దయ్యానికి కాదమ్మా, ఆవిరికి.”

“దేనికో దానికి. పెట్టినోడు పనిలేక పెట్టినాడా?”

అమ్మ నా ఫోన్ లాక్కుని బావకే నేరుగా చెప్పింది. “రేయ్, ఆ బొగ్గు దాని చోట్లో పెట్టిందాకా నా గడప తొక్కద్దు.” అవతల నుంచి “సరే అత్తా, సరే అత్తా” తప్ప ఇంకో మాట వినపడలేదు. కోడికూర మేమే తిన్నాం.

మిగిలింది నాయన. ఆయన కుదుపుడే దీనికంతటికీ మూలమని నేను నసుగుతూ చెప్పాను. “ఆడబిడ్డవి, ఒకదానివే వేలూరికి పోతా ఉంటావు, దోవలో పెట్రోలు అయిపోతే యాడ నిలబడతావు అని పోయిస్తి” అన్నాడు. కొసరు పిసినారితనం అనుకుని ఇన్నేళ్లు నవ్వాను. ఆ కుదుపుడంతా నా మీద బెంగ.

కొత్త పెట్టె బిగించాక మళ్లీ బయలుదేరాం. బంకులో పంపు టక్కుమంది. నాయన చేతులు వెనక్కి కట్టుకుని ఆకాశం చూస్తున్నాడు. ఈసారి బంకు మనిషే, “ఇన్నుం కొంజం ఊత్తట్టుమా అయ్యా?” అంటూ, ఇంకొంచెం పొయ్యాలా అని అడిగాడు.

“వద్దప్పా. ఆవిరికి చోటుండనీ” అన్నాడు నాయన, ఆ ముక్క తనే కనిపెట్టినట్టు.

పేర్ణాంబట్టు దాకా అమ్మ కళ్లు మూసుకుని, కడుపులో తిప్పడం కోసం ఎదురుచూస్తూ బిగుసుకుని కూర్చుంది. అది రాలేదు. ఆంబూరులో బిర్యానీ వాసన వచ్చింది, పెట్రోలు వాసన రాలేదు. వాణియంబాడి దగ్గర అద్దం దించమంది. ఆ తర్వాత నా భుజం తట్టి, “ఆ లారీ ఎంతసేపు ముందర పోతాది? దాటు” అంది. దాటితే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

నాట్రంపల్లిలో చిన్నమ్మ హారతి పళ్లెంతో గడపలో నిలబడి ఉంది. నేను ఇంజను ఆపబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఆపొద్దు. దాన్ని కూడా ఎక్కించుకో.”

నాయన దిగి పళ్లెం అందుకున్నాడు. చిన్నమ్మ సీటు మీద కూర్చుని, మెల్లగా కాళ్లు లోపలికి తిప్పుకుంది. ఎక్కడానికి మెట్టే లేదు. అమ్మ ఆమె మోకాలిని ఒళ్లోకి లాక్కుంది. అద్దంలో చూస్తే ఇద్దరూ ఏడుస్తూ, ఏడుస్తున్నందుకు ఒకరినొకరు తిట్టుకుంటూ నవ్వుతున్నారు. నాయన వెలుగుతున్న పళ్లెంతో గడపలోనే ఉండిపోయాడు.

“యాడికి పోదామమ్మా?” అని అడిగాను.

“యాడికైనా పోనీ” అంది అమ్మ.