మా వదిన, కొత్తవాళ్ళూ, అమ్మ కాలూ

మా వదిన సూ-చిన్‌కి మా దీవిలో ఒక ఉద్యోగం ఉంది. జీతం లేదు కాబట్టి దాన్ని ఎవరూ ఉద్యోగం అనరు. తైవాన్ నుంచి పని మీద కొత్తగా దిగినవాళ్ళకి దీవి చూపించడం ఆవిడ వంతు. బడికి టీచరొచ్చినా, కరెంటాఫీసుకి మనిషొచ్చినా, ఆసుపత్రికి నర్సొచ్చినా, మొదటి ఆదివారం పొద్దున్నే టోపీ పెట్టుకుని, గాలికి ముఖానికో గుడ్డ చుట్టుకుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడుతుంది. తలుపు తీసినవాళ్ళు మొదట భయపడతారు. తరవాత అలవాటు పడతారు.

కొత్తవాళ్ళని తిప్పి చూపించమని జిల్లా వాళ్ళు ప్రతి దీవికీ చెప్పారట. ఆ పని ఎవరికి అప్పగించాలా అని మా ఊరిపెద్ద సమావేశం పెట్టి, సమావేశానికి రాని మనిషికి అప్పగించాడు. ఆ పూట మా వదిన రాళ్ళ మీద ఆల్చిప్పలు ఏరుకుంటోంది.

చైనా ఒడ్డుకి ఎదురుగా ఉన్న మాత్సు దీవుల్లో మాది చిన్నది. లైట్‌హౌసు ఉంది, సిపాయిలు తవ్విన సొరంగం ఉంది, కొండ కింద సముద్రం తొలిచిన గుహ ఉంది, వేసవిలో బండల మీద గుడ్లు పెట్టే పిట్టలున్నాయి, అమ్మవారి గుడి ఉంది. కాళ్ళున్న మనిషికి రెండో ఆదివారానికల్లా దీవి అయిపోతుంది. ఇక మిగిలేది గాలి. అది వద్దన్నా రోజూ చూడొచ్చు.

ఇందులో మా వదినకి సొంత అవసరం ఒకటి ఉంది. అది మా అమ్మ కాలు.

అమ్మకి తొంభై దాటాయి, అన్నయ్య ఇంట్లోనే ఉంటుంది. ఎడమ చీలమండ పైన చాలాకాలంగా పుండు. వారానికి రెండుసార్లు నర్సు ఇంటికొచ్చి కడిగి కట్టు కట్టాలి. కానీ అమ్మ కొత్త చెయ్యి పడనివ్వదు. కాలు ముడుచుకుని గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఆరునెలలు బతిమాలించుకుని ఒకరోజు కాలు చాపుతుంది. అక్కణ్ణుంచి పుండు మానుముఖం పడుతుంది. ఇంతలో ఏడాది గడువు తీరి నర్సు ఓడెక్కుతుంది. మళ్ళీ కొత్త నర్సు, మళ్ళీ గోడ. ఆ మధ్యకాలం మా వదినే కట్లు కడుతుంది, అమ్మ వదినని తిడుతుంది. అన్నయ్యకి ఓడలో ఇంజను పని, నెలలో సగం సముద్రం మీదే ఉంటాడు. ఆడపడుచు అర్ధమొగుడని పేరుకే గానీ, నేను రేవులో నూడుల్స్ కొట్టు పెట్టుకున్నదాన్ని. సాయంత్రాలు వెళ్ళి సలహాలు చెప్పి వస్తుంటాను.

ఒక ఏడు ఆ మధ్యకాలంలోనే పుండు నల్లబడింది. హెలికాప్టర్లో తైవాన్ తీసుకుపోయారు. ఇంకోసారి ఇలా ముదరబెట్టి తెస్తే పాదం తీసెయ్యాల్సిందేనని అక్కడి డాక్టరు వదినతో చెప్పాడు. తిరిగొచ్చిన రోజు నా కొట్లో కూర్చుని, పెట్టిన నూడుల్స్ ముట్టుకోకుండా ఒకే మాట అంది.

"నర్సు రెండేళ్ళు ఉండేట్టు చెయ్యాలి."

కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు కదా, వింతలన్నీ ఒకేసారి చూపించెయ్యడమే ఇన్నాళ్ళూ తను చేసిన తప్పని తనే తేల్చుకుంది. ఇక నెలకొకటే చూపించాలి. పిసినారి కొబ్బరిముక్క పంచినట్టు పంచాలి. ఆ లెక్కన దీవి రెండేళ్ళు వస్తుంది.

అప్పుడొచ్చిన నర్సు పిన్-యున్. మొదటి నెల మా వదిన ఆ పిల్లకి గుడి చూపించింది. రెండో నెల సొరంగంలో సగం. లైట్‌హౌసుతో కొంచెం ఇబ్బందైంది, అది ఎటునుంచైనా కనపడాలనే కదా కట్టారు. అయినా మా వదిన ఆ పిల్లని వెనకదారి మెట్ల మీదుగా తిప్పి, అటు చూసినప్పుడల్లా ఇటు పిట్టల్ని చూపించింది. పిట్టలు లేని కాలంలో, ఉండాల్సిన చోటు చూపించింది. ప్రతిసారీ డబ్బాలో చేప ఉండలు, నువ్వుల రొట్టె కట్టుకెళ్ళేది. ఆ పిల్ల ప్రతిసారీ నోరు తెరిచి ఆశ్చర్యపోయేది.

నిజానికి పిన్-యున్ దిగిన మొదటి వారం నుంచే రోజూ తెల్లారగట్ల దీవి చుట్టూ పరిగెత్తేది. లైట్‌హౌసుకి చెయ్యి తగిలించి, నా కొట్టు ముందునుంచే వెనక్కొచ్చేది. నేను ఎవరికీ చెప్పలేదు. ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు, మధ్యలో నాకెందుకు.

ఆరునెలలకి అమ్మ కాలు చాపింది. పుండు ఎండడం మొదలెట్టింది. ఏడాది తిరిగేసరికి పిన్-యున్ పెట్టె సర్దుకుంది.

ఆ రోజు పొగమంచుకి ఓడ ఆలస్యం. ఆ పిల్ల నా కొట్లో మా దీవి పద్ధతిలో పాతసారా పోసి వండిన నూడుల్స్ తింటూ కూర్చుంది. మా వదిన ఎదురుగా కూర్చుంది. గుహ ఇంకా చూపించలేదని, అదొక్కటీ చూస్తే మనసు మారుతుందని చాలాసేపు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది.

"మా దీవిలో నీకేం తక్కువైందే తల్లీ? నిజం చెప్పు, ఏమీ అనుకోను."

పిన్-యున్ చాప్‌స్టిక్స్ కింద పెట్టింది. "ఏమీ తక్కువ కాలేదు పిన్నీ. ఓడ దిగానా, సామాను మోసినాయన 'ఎప్పుడెళ్తావమ్మా' అన్నాడు. కూరలు కొనబోతే కూరలావిడ అదే. గుళ్ళో పూజారి అదే. మీ అత్తగారు నా మొహం చూడకుండానే అదే అడిగారు. ఏడాదంతా రోజూ ఎప్పుడెళ్తావు, ఎప్పుడెళ్తావు అంటుంటే, వెళ్ళాలేమో అనిపించింది."

నేను పొయ్యివైపు తిరిగాను. ఆ ఉదయం తనకి గిన్నె అందిస్తూ నేనూ అదే అడిగాను.

అందులో మా తప్పు లేదు. దీవి నిండా తైవాన్ నుంచి కాపలాకొచ్చిన సిపాయిలున్న కాలంలో అంతకంటే మర్యాద ఇంకొకటి లేదు. కుర్రాళ్ళు ఇంటికి పోయే రోజు కోసం వేళ్ళు మడుచుకుంటూ ఉండేవాళ్ళు. ఎప్పుడెళ్తావు నాయనా అని అడిగితే వాళ్ళ మొహాలు వెలిగిపోయేవి, ఇంకో గిన్నె తినేవాళ్ళు. సిపాయిలు తగ్గిపోయారు, మర్యాద మాత్రం మా నోట్లో ఉండిపోయింది.

ఓడ కదిలాక మా వదిన ఇంటికి వెళ్ళలేదు. సరాసరి కూరలావిడ దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి గుడికి, పోస్టాఫీసుకి, ఊరిపెద్ద ఇంటికి. కొత్త నర్సుని ఆ మాట ఎవరైనా అడిగారో, వాళ్ళకి బతికున్నంత కాలం ఆల్చిప్పలు ఇవ్వనని చెప్పింది. మా వదిన ఆల్చిప్పలంటే ఊళ్ళో విలువే. అందరూ ఒప్పుకున్నారు.

కొత్త నర్సు పేరు యా-నింగ్. పొట్టి పిల్ల, పెద్ద కళ్ళజోడు. ఓడ దిగింది. సామాను మోసినాయన నోరు తెరిచి, మూసుకున్నాడు. కూరలావిడ చాలాసేపు ఆలోచించి, నీ చెప్పుల సైజెంత అని అడిగింది. పూజారి దండం పెట్టి లోపలికి పారిపోయాడు. ఇంకేం అడగాలో మాకెవరికీ తెలియలేదు. మూడో రోజుకల్లా ఆ పిల్ల నా కొట్టుకొచ్చి, ఊరివాళ్ళకి నా మీద ఏమైనా కోపమా అక్కా అని అడిగింది. లేదమ్మా, జాగ్రత్తపడుతున్నారు అన్నాను.

ఆదివారం మా వదిన ఆ పిల్లకి దీవి మొత్తం ఒక్కరోజులో చూపించేసింది. గుహతో సహా. దాచడం మీద నమ్మకం పోయిందట.

ఊరందరికీ చెప్పిన వదిన ఒక్క మనిషికి మాత్రం చెప్పలేకపోయింది. మా అమ్మకి ఇది చెయ్యకు అని చెబితే అదే ముందు చేస్తుంది. అసలే అమ్మకి మా దీవి మాట తప్ప రాదు. తైవాన్ వాళ్ళ మాటలో స్పష్టంగా వచ్చింది ఆ ఒక్క ప్రశ్నే. సిపాయిల గుడ్డలు ఉతికి సంపాదించిన చదువు.

యా-నింగ్ మొదటిసారి కట్టు మార్చడానికి వచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. మధ్యలో కట్లు మా వదిన చేతి మీదే నడిచాయి, పుండు అంచులు మళ్ళీ నలుపు తిరుగుతున్నాయి. వదిన గుమ్మం పట్టుకుని నిలబడింది. అమ్మ యథాప్రకారం కాలు ముడుచుకుని గోడవైపు తిరిగింది. గోడకేసి చూస్తూనే అడిగేసింది.

"ఎప్పుడెళ్ళిపోతావే పిల్లా?"

వదిన కళ్ళు మూసుకుంది. నాకు ప్రాణం చివుక్కుమంది. మా అమ్మ ఆ మాట అడిగేది మర్యాదకి కాదని నాకు అప్పుడే అర్థమైంది. ఎంతమంది చేతులకి అలవాటుపడి, ఎంతమందిని ఓడెక్కించిందో ఆ మనిషి. ముందే అడిగేసి గోడవైపు తిరిగితే తర్వాత బాధ తక్కువ.

దిగినప్పటినుంచీ చెప్పుల సైజు తప్ప తనని ఎవరూ ఏమీ అడగని ఊళ్ళో, ఒక మనిషి ప్రశ్న అడిగేసరికి యా-నింగ్‌కి సంతోషమే అయింది. బల్ల దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నీ కాలు మానిపోయాక వెళ్తానవ్వా."

అమ్మకి అర్థం కాలేదు. ఏమంటోందని గోడని అడిగింది. వదిన మా మాటలో చెప్పింది. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

అమ్మ ఇటు తిరిగి, ఆ పిల్ల కళ్ళజోడు వంక, చేతుల వంక చూసింది. ఆరునెలలు పట్టాల్సిన కాలు దుప్పట్లోంచి బయటికొచ్చింది.

ఇది మూడో ఏడు. యా-నింగ్ రెండుసార్లు గడువు పొడిగించుకుంది. పాదం పోతుందన్న తైవాన్ డాక్టరు అమ్మని మళ్ళీ చూసే అవసరం రాలేదు. నల్లబడిన చోట లేత చర్మం వచ్చి, నిరుడు చలికాలానికే పుండు పూర్తిగా మూసుకుంది. అయినా నర్సు వచ్చే రోజు పొద్దున చూస్తే ఆ చర్మం మీద పచ్చిగా ఒక చిన్న గీత ఉంటుంది. చుట్టూ గోటి గుర్తులు.

నేను ఊరుకోలేక వదినతో అన్నాను, అమ్మ గోళ్ళు కాస్త కురచగా కత్తిరించమని. వదిన ఆల్చిప్పలు తోముతూ తలెత్తలేదు.

"నీ కొట్టు చూసుకో," అంది.

ఇక యా-నింగ్‌నే అడిగాను, ఆ గీతేమిటని. ఈ వయసులో ఆలస్యంగానే మానుతాయక్కా అంది. అని, మందునీళ్ళతో ఆ గోటిగీతని శుభ్రంగా కడిగి, కొత్త గుడ్డచుట్ట ఒకటి విప్పి, చీలమండ నుంచి మోకాలి దాకా కట్టు కట్టింది.