కలలోకి రాని ఆయన కోసం ఒక జపాన్ నాటకానికి

మా ఆయన పోయి ఏడాది దాటింది. ఒక్కసారి కూడా నా కలలోకి రాలేదు. సంవత్సరీకం నాడు, ఈ పరాయి దేశంలో మేముండే టార్నీట్‌లో మా పెరట్లో పిండం పెడితే కాకి రాలేదు, ఇక్కడి నలుపు తెలుపు పిట్ట మాగ్‌పై వచ్చి ముట్టింది. అది చెల్లిందో లేదో, ఆయన ఆకలితో ఎక్కడ తిరుగుతున్నారోనని నాకు దిగులు. కంటి మీద కునుకు లేదు. పాతకాలపు జపాన్ ‘నో’ నాటకంలో చనిపోయినవాళ్లు కలలో వచ్చి మాట్లాడతారని విని, పదిహేనేళ్ల మా మేధను వెంటబెట్టుకుని బయల్దేరాను.

శనివారం మధ్యాహ్నం టార్నీట్‌లో రైలెక్కితే అరగంటలో సదరన్ క్రాస్ స్టేషన్, అక్కణ్నుంచి ట్రామ్‌లో పావుగంట. టికెట్ నలభై డాలర్లు, విద్యార్థులకు సగం. ట్రామ్‌లో సీటున్నా కూర్చోలేకపోయాను.

"కాసేపు కూర్చో మమ్మీ, యూ ఆర్ మేకింగ్ మీ డిజ్జీ," అంది మేధ.

నాటకం మహా నిదానం. దేశం తిరిగే బౌద్ధ సన్యాసికి వంతెన దగ్గర ఒకామె కనిపించి, నాలుగు మాటలు చెప్పి మాయమవుతుంది. అతను స్తంభం పక్కన కునుకు తీస్తే, ఆమె మాస్కుతో కలలోకి వచ్చి తన గోడు వెళ్లబోసుకుంటుంది. నేను మాత్రం సీట్లో అటూ ఇటూ కదులుతూనే ఉన్నాను.

అయ్యాక బయట టీ ఇచ్చారు. మొదట్లో నాటకం గురించి వివరించిన జపాన్ పెద్దావిడను పట్టుకుని, మనవాళ్లు కలలోకి రావాలంటే ఏం చేయాలని ఇంగ్లీషులో అడిగేశాను. పూర్వం కల కోసం గుడిలో పడుకునేవారని చెప్పిందావిడ. "నాటకంలో మాత్రం ఎవరూ పిలవరు. మనసులో ఏదో మిగిలిపోయినవాళ్లే వస్తారు. రాలేదంటే మంచిదేగా," అంది.

ప్రాణం కాస్త కుదుటపడింది. "నాన్నకు ఏ కొరతా లేదటే," అన్నాను మేధతో.

మేధ కప్పులోకే చూస్తూ, "నా కలలోకి వస్తారు మమ్మీ," అంది.

"మరి చెప్పలేదేం?"

"యూ వుడ్ క్రై."

"ఏమడుగుతారు? ఆకలంటారా?"

"నో. మమ్మీ నిద్రపోతోందా అని అడుగుతారు. ఎవ్రీ టైమ్. ఐ సే యెస్."

ఆయన ఆకలి గురించి ఇన్నాళ్లు బెంగపడ్డాను. ఆయన బెంగ నేనని, ఆ బరువు ఈ పిల్ల ఒక్కతే మోస్తోందని తెలిసి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: నాటకం అవగానే రైలు కోసం పరిగెత్తకండి. ఒక బండి వదిలేసి, వెంట వచ్చినవాళ్లతో తీరిగ్గా టీ తాగండి. మేమూ అలాగే తర్వాతి బండి ఎక్కాం. ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో తెలియదు. టార్నీట్ వచ్చినా మేధ నన్ను లేపలేదు.