ఖాళీ తొట్టిలో రొయ్య డొల్లలు

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. కిరాయికి ఇల్లు చూడటానికి వెళితే, ఇక్కడ ఎవరైనా పోయారా అని నా భార్య భాగ్య అడిగేది. నేను మాత్రం నీళ్లు ఎన్ని గంటలు వస్తాయని అడిగేవాణ్ణి. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మేం ఎల్బీనగర్‌లో ఉండేవాళ్లం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల షాపులో నా ఉద్యోగం. తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న రోజులు. షట్టర్ ఎప్పుడు దించాలో, ఎప్పుడు ఎత్తాలో తెలిసేది కాదు. ఇంట్లో గాజు తొట్లలో చేపల్ని పెంచడం నాకు ఇరవై ఏళ్ల అలవాటు. కాలనీలో ఎవరి చేపకు జబ్బు చేసినా నన్నే పిలిచేవాళ్లు. ‘చేపల డాక్టర్’ అని ఎగతాళి చేసినా లోపల నాకు గొప్పగానే ఉండేది.

ఆ ఏడాది భాగ్యకు ఏడో నెలలో కడుపు పోయింది. ఆడపిల్ల. నర్సు బయటికొచ్చి, తల్లికి ఒకసారి చూపించమంటారా అని అడిగింది. వద్దన్నాను. చూస్తే తట్టుకోలేదు, ఆ మాత్రం నాకు తెలియదా అనుకున్నాను. భాగ్యను అడగనే లేదు. ఆమెకు తెలివి వచ్చేసరికి అంతా అయిపోయింది.

తర్వాత ఆమె మాటలు తగ్గించేసింది. ఒకరోజు చేపల దుకాణంలో గోరంత ఎర్ర రొయ్యలు కనిపించాయి. మంచినీళ్లలో బతికే రకం. వీటినైనా చూస్తూ కూర్చుంటుందని పది కొన్నాను. దుకాణమాయన గుంటూరు వైపు మనిషి. కవర్ ముడేస్తూ, “ఒక్క మాట చెప్తానండి, వీటిని చేపల్లాగా చూడకూడదండీ...” అని మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఆ యాసలో ఎవరు సలహా చెప్పినా నాకు చిర్రెత్తేది.

“నాకు తెల్వదా ఏంది? ఇటియ్యి” అని కవర్ లాక్కున్నాను. పాపం, ఆయన నాకేం చేశాడని!

భాగ్యది పోచంపల్లిలో మగ్గాల ఇల్లు. ఒక్క పోగు తప్పినా పట్టేసే కళ్లు. రోజూ ఒక పాలకూర ఆకు ఉడకబెట్టి రొయ్యల తొట్టిలో వేసేది, పదీ వచ్చి తినేదాకా అక్కడే కూర్చునేది. నెల తిరిగేసరికి ఒక రొయ్య పొట్ట కింద గుడ్లు పెట్టుకుంది.

“సూడు, ఎట్ల దాసుకుందో” అని నన్ను పిలిచింది. చాన్నాళ్లకు ఆ ముఖంలో నవ్వు చూశాను.

ఒక బంద్ రోజు పొద్దున తొట్టి అడుగున ఒక రొయ్య కదలకుండా పడి ఉంది. తెల్లగా పాలిపోయింది. చచ్చిందనుకుని తీసి పారేశాను. జబ్బు దిగింది, మిగతావాటికి అంటుకుంటుందని చేపలకు వాడే మందు సీసా తీశాను.

“జరంత ఆగరాదు” అంది భాగ్య. “రేపు దుకాణం తెరిస్తె ఆయనను అడుగుదాం.”

“నాకు తెల్వదా? ఇరవై ఏండ్ల సంది సాదుతున్న” అని మందు పోసేశాను.

సాయంత్రానికి అన్నీ పోయాయి. గుడ్లు మోస్తున్నదే ఆఖరున పోయింది. బయటికి తీసి చూస్తే పది. పొద్దున తీసింది పదకొండోది. మరి అదేమిటి?

మర్నాడు దుకాణమాయనే చెప్పాడు. రొయ్య పెరిగినప్పుడల్లా, పాము కుబుసం విడిచినట్టు, పైడొల్ల విడుస్తుందట. నేను చూసింది ఆ డొల్ల. చేపల మందులో రాగి ఉంటుంది, అది రొయ్యకు విషం. “అదేనండి, ఆ రోజు చెప్పబోయింది” అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

భాగ్య బట్టలు సర్దుకుని వాళ్లమ్మ ఇంటికి వెళ్లిపోయింది. ఎప్పుడొస్తావని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

తొట్టిలోని ఇసుక, నాచు అంతా పారబోశాను. ఉప్పుతో తోమి, ఎండాకాలమంతా డాబా మీద బోర్లించాను. వానలు మొదలయ్యాక లోపలికి తెచ్చి ఉత్త నీళ్లు నింపాను. ఎందుకని అడిగితే, ఆమె వస్తే కొత్త రొయ్యలు వేద్దామని. లోపల గులకరాయి కూడా లేదు.

నాలుగో రోజు పొద్దున అడుగున నువ్వు గింజంత డొల్ల కనిపించింది. కాళ్లు, మీసాలతో సహా.

నీళ్లలో వచ్చిందేమో అనుకున్నాను. నీళ్లు పారబోసి, కాచి చల్లార్చిన నీళ్లు పోశాను. పైన గాజు పలక మూసి గుడ్డ కట్టాను. వారం తిరక్కుండానే ఇంకొకటి, కాస్త పెద్దది. పట్టపగలు టార్చి వేసి నాలుగు పక్కల నుంచీ వెతికాను. దాక్కోవడానికి చోటే లేని తొట్టిలో ప్రాణమున్నదేదీ లేదు. డొల్లలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసి చిన్న డబ్బాలో దూది మీద పెట్టాను.

తొమ్మిదోది వచ్చాక భయమేసింది. పారేద్దామని డబ్బా తీసుకుని బయటిదాకా వెళ్లాను. ఆమెకు చూపించకుండా పారేసే హక్కు నాకెక్కడిదని ఆగిపోయాను. ఫోన్ చేసి, “నీకొకటి చూపియ్యాలె, రా” అన్నాను.

వచ్చింది. చెప్పిందంతా విని, నల్లటి జాకెట్ ముక్క పరిచి డొల్లల్ని చిన్నదాన్నుంచి పెద్దదాని వరకు వరసగా పేర్చింది. చాలాసేపు చూసింది.

“ఇవి తొమ్మిది కావు. ఒక్కటే పెరుగుతుంది” అంది. “ఏందిది?”

“నాకు తెల్వదు” అన్నాను. మా పెళ్లయ్యాక ఆమెతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

భాగ్య తిరిగి వెళ్లలేదు. రోజూ ఒక ఆకు ఉడకబెట్టి తొట్టిలో వేసేది. ఆకు ఎప్పుడూ కొరికినట్టు లేదు. ఆమె ఉండగానే ఇంకో రెండు డొల్లలు వచ్చాయి. రెండోది ఆ గుడ్లు మోసిన తల్లి రొయ్యంత ఉంది. దాన్ని అరచేతిలో పెట్టుకుని, అప్పటిదాకా అడగని సంగతి ఎత్తింది.

“పిల్లను సూడనియ్యకపోతివి. ఇది పెరుగుడన్న సూసిన.”

ఇద్దరం ఏడ్చాం. దవాఖానలో ఏడవాల్సింది, అప్పుడు ఏడ్చాం.

ఆ తర్వాత ఒక్క డొల్ల కూడా రాలేదు. ఏడాది దాకా చూసి తొట్టి తీసేశాం. మాకు మళ్లీ పిల్లలు కలగలేదు. డబ్బా భాగ్య బీరువాలో ఉంది. అందులో చిన్నది ఇప్పుడు కళ్లజోడు లేకపోతే నాకు కనిపించదు. చేపల గురించి తెలిసినవాళ్లను మాట వరసకు అడిగి చూశాను. ప్రాణం లేనిచోట డొల్ల ఎలా వస్తుందయ్యా అని నవ్వారు. నేనూ అదే అడుగుతున్నాను. నాకు తెలియదు.