జయరాజు అయ్యవారి ఎర్రముఖం

ఆళ్లగడ్డ మిషన్ బడి అయ్యవారు జయరాజుకు సారా పేరెత్తితేనే ఒళ్లు మండేది. మద్యనిషేధం ఉన్నా దొంగచాటుగా బట్టీలు కాగుతూనే ఉండేవి మరి. ఆ సారాకు బానిసైన కొండయ్యను ఆయనే వెంటబడి, చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకొచ్చి మాన్పించాడు. తన జన్మకు అదొక్కటే మంచిపని అని లోలోపల మురిసిపోయేవాడు.

1958లో ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. నంద్యాల డాక్టరు రక్తం మద్రాసుకు పంపి పరీక్ష చేయించి, కొలెస్టరాల్ అనే కొవ్వు ఎక్కువైందనీ, అది రక్తనాళాల గోడలకు పేరుకుంటోందనీ చెప్పాడు. జయరాజు తెల్లబోయాడు. ఇంట్లో నెయ్యి మొహం చూసి ఎన్నాళ్లయిందో! తిండి ఒక్కటే కాదు, కాలేయం కూడా ఆ కొవ్వును తయారుచేస్తుందన్నాడు డాక్టరు. నికోటినిక్ ఆసిడ్ మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే తగ్గుతుందట. ఎట్లా తగ్గిస్తాయో కనిపెట్టినవాళ్లకే ఇంకా పూర్తిగా అంతుబట్టలేదట. చర్మం కింది సన్నని నాళాలు వెడల్పయి ముఖం కాసేపు ఎర్రబడుతుంది, భయపడొద్దన్నాడు.

జయరాజుకు పట్టుకుంది భయం కాదు, సిగ్గు. జొన్నరొట్టె తినేవాడికి కొవ్వు జబ్బంటే ఊరు నవ్వదా? జబ్బులో కూడా అంతస్తు చూసుకునే మనిషిని ఏమనాలి! భార్య బాలమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం పొద్దున రొట్టె తిని, మాత్ర మింగి చర్చికి పోయాడు. బైబిలు వాక్యం చదువుతుండగానే ముఖం, చెవులు, మెడ జేవురించాయి. వెనక గుసగుసలు మొదలయ్యాయి. తాగొచ్చాడనుకుంటున్నారని ఆయనకు అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. పై ఆదివారమూ అంతే జరిగింది.

ఆ తర్వాతి వారం కొండయ్య చర్చికి రాలేదు. వెతుక్కుంటూ ఇంటికి పోతే గడపలోనే సారా వాసన గుప్పుమంది.

"నువ్వే తాగుతాండావంట గదన్నా. ఇంగ నేనేంటికి మానాల?" అన్నాడు కొండయ్య. ఆ మాటలో కోపం లేదు.

జయరాజుకు తల కొట్టేసినట్టయింది. జేబులోంచి మాత్ర తీసి అతని ఎదుటే మింగి, జబ్బు సంగతంతా చెప్పి, అక్కడే కూర్చున్నాడు. కాసేపటికి ముఖం ఎర్రబడింది. కొండయ్య దగ్గరికొచ్చి నోటి వాసన చూశాడు. సారా వాసన జాడే లేదు.

"ఈ మాట ఆ పొద్దే చెప్పింటే నేను తాగకపోదును గదన్నా," అన్నాడు చివరికి.

గంటకు మందు వేడి దిగింది. ముఖం మామూలు రంగుకు వచ్చింది. జయరాజు మాత్రం తలెత్తి కొండయ్యను చూడలేకపోయాడు.