ఏనుగు మాంసం పంపకం

ఆ కాలంలో మా సిరిసిల్లలో కరెంటు పోతే మరమగ్గాలు ఆగేవి, నోళ్లు మొదలయ్యేవి. ఆగిన మగ్గాల మధ్య కూర్చుని విప్లవం గురించి మాట్లాడుకునేవాళ్లం. కరెంటు రాగానే దాన్ని వాయిదా వేసేవాళ్లం. అలాంటి రోజుల్లోనే మా కోరుట్ల బావ దుబాయి నుంచి సెలవు మీద వస్తూ ఒక ఆట డబ్బా తెచ్చాడు (పైన గుహ బొమ్మ చూసి, ఇల్లు కట్టే ఆట అనుకున్నాడట). తీరా చూస్తే రాతియుగం ఆట. అట్ట మీద అడవి, ఏరు, గుహలు. ఒక్కొక్కరికి ఒక్కో తెగ, ఆరుగురు చెక్క మనుషులు. వేటాడి, నిప్పు కాపాడుకుని, చలికాలానికి తిండి బిళ్లలు కూడబెట్టాలి. లేకపోతే తెగ మొత్తం చస్తుంది.

నాతో ఆడేది పక్క మగ్గం మిత్రుడు. మేం పెట్టిన పేరు సిద్ధాంతం. ఆదిమానవుడికి సొంత ఆస్తి లేదని, వేటంతా సమానంగా పంచుకునేవాడని మాకు రోజూ పాఠం చెప్పేవాడు. ఆ మధ్యాహ్నం బొచ్చు ఏనుగును కొట్టి, పన్నెండు మాంసం బిళ్లలూ ఒళ్లో పోసుకున్నాడు. తిండి లేక నా మనుషులు ముగ్గురు పడుకున్నారు (ఇక లేవరు).

"అడవిల మనోళ్లు ముగ్గురు సచ్చిపోయిండ్రు. తిండంత నీకాడనే వెట్టుకుంటివి. మిగిలినోళ్లకన్న పంపరాదు?" అని బతిమాలాను. మగ్గాల చప్పుడు లేని షెడ్డులోంచి ఆ మాట నేరుగా, నక్సలైట్ల కోసం తిరుగుతున్న గస్తీ జమేదారు చెవిలో పడింది.

లోపలికొచ్చి, ఎవరా ముగ్గురు, ఏ అడవి అన్నాడు. దుబాయి పోదామని పెట్టుకున్న నా పాస్‌పోర్టు కాగితాలు విచారణకు ఆయన స్టేషన్లోనే ఉన్నాయి. ఒక్క మాట రాస్తే నా దుబాయి అక్కడితో సరి. పోలీసులకు తల వంచనని నిన్ననే ప్రకటించిన సిద్ధాంతం, తలను దాదాపు అట్ట మీది ఏట్లో ముంచి, "పదివేల ఏండ్ల కిందటి ముచ్చట సార్" అన్నాడు.

"గప్పుడు నువ్వేడున్నవ్?" అంటూ జమేదారు పుస్తకం తీశాడు.

నేను ఒక్క గుక్కలో ఆటంతా చెప్పాను. ఆయన నూలు కండెల పెట్టె మీద కూర్చుని ఏనుగును తిప్పి తిప్పి చూశాడు.

"మరి గీయిన ఎందుకు పంచుతలేడు?"

"అన్ని అందరియి అని రోజు చెప్పేది గీయిననే సార్."

"అయితె పంచు," అని లాఠీతో అట్ట మీద మెల్లగా తట్టాడు. సిద్ధాంతం ఆరు బిళ్లలు నా వైపు తోశాడు. మా ఊళ్లో ఆదిమ సమానత్వం అమలైంది ఆ ఒక్కసారే. అమలు చేసింది పోలీసులు.

మిగిలిన నా ముగ్గురూ బతికారు. పాస్‌పోర్టూ వచ్చింది. ఇప్పుడు ఎనిమిది మగ్గాల సేటు అయిన సిద్ధాంతం, నేను కనపడితే చాలు, పోలీసులతో దోపిడీ చేయించావని దెప్పుతాడు. నవ్వి ఊరుకుంటాను. ఆకలో అని నేను ఏడుస్తున్నప్పుడు నా తొడ కింద రెండు చేప బిళ్లలున్న సంగతి అతనికి ఇప్పటికీ తెలియదు. అవి నాతో దుబాయి వెళ్లొచ్చాయి. ఇంకా బీరువాలోనే ఉన్నాయి, చలికాలానికి పనికొస్తాయని.