పడవకెక్కిన రుజువు

అరవైల మొదట్లో, మా వయసు కుర్రాళ్ళకు దేవుడు లేడని రుజువు చేయడం మహా తేలికగా ఉండేది. ఆ రోజుల్లో నెల్లూరులో ఏ సభ జరిగినా నేను లేచి, వేదిక మీది పెద్దమనిషిని "రుజువేదీ?" అని అడిగి కూర్చునేవాణ్ణి. చప్పట్లు పడేవి. చిక్కల్లా ఎం.ఏ. లెక్కల్లో వచ్చిపడింది. అక్కడ రుజువు నేనే ఇవ్వాలి. మూసిన అంతరం మీద అవిచ్ఛిన్నంగా ఉన్న ప్రమేయం ఏకరూపంగా కూడా అవిచ్ఛిన్నమేనని ఒక సిద్ధాంతం ఉంది. (అర్థం కాలేదని పాఠకులు కంగారుపడవద్దు; నాకూ కాలేదు.) దాని పుణ్యమా అని అనాలిసిస్ పేపరు ఒకసారి పోయింది. రెండోసారి కూడా పోతే, నాకోసం ఆపి ఉంచిన ట్యూటరు ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తామని కాలేజీ ప్రిన్సిపాలుగారు చాలా మర్యాదగా చెప్పారు.

చదువుకోవడానికి మైపాడు దగ్గర పల్లెలో ఉన్న మా అక్క ఇంటికి చేరాను. బావ అక్కడ బడిపంతులు. అర్థం కానిదాన్ని కంఠతా పట్టడం తప్ప దారి లేదని మూడో రోజుకే తేలిపోయింది. కంఠతా చదువులను దుమ్మెత్తిపోస్తూ అంతకుముందు ఏడాదే వ్యాసం రాసినవాణ్ణి. ఇంట్లో వల్లె వేయడానికి సిగ్గుపడి, బడి సుద్దముక్కలు రెండు జేబులో వేసుకుని సముద్రపు ఒడ్డుకు పోయేవాణ్ణి. కొత్తగా తారు పూసిన పడవ ఒకటి ఇసుకలో ఒరిగి ఉండేది. అంత నల్లని బోర్డు మా యూనివర్సిటీలో కూడా లేదు. పై అంచు పొడవునా రుజువంతా రాసి, చెరిపి, మళ్ళీ రాసేవాణ్ణి. ఒకరోజు చెరపడం మరిచి భోజనానికి వెళ్ళాను. మర్నాడు తెల్లవారుజామునే ఆ పడవ వేటకు పోయి, ఎవరూ ఊహించనన్ని వంజరం చేపలతో తిరిగొచ్చింది.

పడవ ఆసామిని ఊరంతా సుక్కాని మామ అనేవారు. ఆ సాయంత్రం ఆయన నలుగురిని వెంటబెట్టుకుని అక్క గుమ్మం ముందుకొచ్చాడు.

"అబ్బయా, మిగతా పడవలకు గూడా రాసిపెట్టాల. పదకొండు ఉండాయి."

"అది మంత్రం కాదు మామా, లెక్క."

"ఏదో ఒకటిలే. పోయిన ఎండాకాలం నువ్వేగదా మీటింగు పెట్టి, పడవకి నిమ్మకాయలు కట్టబాకండి, అంతా ఉత్తదే అని చెప్పినావు? సరేనని మానేసినాం. దాని బదులు ఇది రాసినావని మాకు తెలవదా ఏంది?"

నా జీవితంలో ఫలించిన ఉపన్యాసం అదొక్కటే. అది ఇలా ఫలించింది. ఆ రాతకు అర్థం చెప్పి మూఢనమ్మకాన్ని అక్కడికక్కడే తుంచెయ్యాలని గొంతు సవరించుకున్నాను.

"విను మామా. నువ్వెంత చిన్న ఎప్సిలాన్ ఇచ్చినా సరే, దానికి తగ్గ డెల్టా ఒకటి ఉంటుంది."

"అంతేగదా. మనం చిన్నదిస్తే సముద్రం తల్లి పెద్దదిస్తాది. మొక్కంటే అదే."

"కాదు, డెల్టా కూడా చిన్నదే."

"రెండూ చిన్నవేనా? మరి అన్ని చేపలు ఎట్ట పడినాయి?"

వెనకున్నవాళ్ళు నవ్వారు. మామ జాలిగా నా దగ్గరికి జరిగి, "అసలు దానర్థం నీకైనా తెలిసే రాసినావా అబ్బయా?" అని అడిగాడు. అబద్ధమాడటం హేతువాదికి తగదు. లేదన్నాను.

"మరింకేం. మంత్రం ఏసే ఆయనకీ తెలవదు."

లోపలినుంచి అక్క అంది: "నువ్వు రాయకపోతే మళ్ళీ నిమ్మకాయలకే పోతార్రా. రాసిస్తే నీకు అలవాటన్నా అవుద్ది."

రాశాను. పదకొండు పడవలకూ రాశాను. నీళ్ళకు చెరిగిపోయినప్పుడల్లా మళ్ళీ రాశాను. ఇది కేవలం అభ్యాసమని నాకు నేను చెప్పుకుంటుంటే, వాళ్ళు తలగుడ్డలు తీసి నిలబడేవారు. చేపలు కొన్నాళ్ళు పడ్డాయి, కొన్నాళ్ళు పడలేదు. పడనినాడు నన్ను పిలుచుకుపోయి, "ఏడో వరసలో ఈ నిలువు గీత ఇడిసిపెట్టినావు" అని చూపించేవారు. పుస్తకం తెరిచి చూస్తే నిజంగానే విడిచిపెట్టి ఉండేవాణ్ణి. పరీక్షకు వారం ముందు తేలిందేమంటే, ఆ రేవులో ఆ రుజువు నాకంటే బాగా వచ్చినవాళ్ళు కనీసం ఆరుగురున్నారు.

పరీక్షలో మొదటి ప్రశ్న అదే. నా మెదడు ఎప్పటిలాగే ఖాళీగా ఉంది. చెయ్యి మాత్రం తన పాటికి తాను రాసుకుంటూ పోయింది. నేను పక్కన కూర్చుని చూశాను. పాసయ్యాను. ఉద్యోగం నిలిచింది. కబురు విని వచ్చిన మామ ఏమీ ఆశ్చర్యపోలేదు.

"మాకు పనిచేసింది, నీకు పనిచెయ్యదా అబ్బయా?"

ఏ సభలోనూ ఏ పండితుడూ నా నోరు అలా మూయించలేదు. అది మంత్రం కాదనాలంటే, నేను అర్థం తెలిసి రాసి ఉండాలి. మంత్రాల మీద ఆ తర్వాత ఎన్నో వ్యాసాలు రాశాను గాని, ఈ సంగతి ఒక్కదాంట్లోనూ రాయలేదు.

కాలేజీలో చేరిన ఆరో ఏట, ఒక మధ్యాహ్నం అదే రుజువును బోర్డు మీద రాస్తూ సగంలో ఆగిపోయాను. అర్థమైంది. అది అలాగే ఎందుకు కావాలో, మరోలా ఎందుకు కాకూడదో, అంతా కళ్ళ ముందు కనిపించింది. పిల్లలు నేను మరిచిపోయాననుకున్నట్టున్నారు. ముందు బెంచీ కుర్రాడు లేచి తర్వాతి వరస అప్పజెప్పాడు, ఒక్క గీత కూడా పోకుండా, మొహంలో అర్థం అన్న జాడే లేకుండా. తిడదామని నోరు తెరిచాను. ఎవరిని తిట్టాలో తోచలేదు. నవ్వొచ్చి, "సరిగ్గానే చెప్పావు, కూర్చో నాయనా" అన్నాను.